పెట్రోలుకీ ఒక వడపోత

మొన్న కారు సర్వీసింగుకిస్తే, సాయంత్రానికల్లా ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు వర్కుషాపు కుర్రాడు. ఇంజనాయిలు మార్చాలి, గాలి ఫిల్టరు మార్చాలి, బ్రేకులు శుభ్రం చెయ్యాలి – ఇలా మెట్లు దిగినట్టు దిగుతూ దిగుతూ చిట్టచివర 'ఫ్యూయల్ ఫిల్టరు మార్చవలెను' అని ఉంది. దాని కెదురుగా ఉన్న అంకె చూసి మావారు కళ్ళజోడు తీసి, పంచె చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అంకె మారలేదు.

"సరేలే, మార్పించేద్దాం. ఇన్నేసి వేల కిలోమీటర్లకోసారి మార్చాలన్నది మా నాన్నగారి రోజుల్నించీ ఉన్న మాటేగా" అన్నారాయన.

"అక్కర్లేదు నాన్నా. ఈ కాలం బళ్ళలో అది బండి ఉన్నన్నాళ్ళూ ఉంటుంది" అన్నాడు మా అబ్బాయి.

"వడగట్టే గుడ్డ జన్మంతా ఉంటుందిట్రా ఎక్కడైనా?"

"ఉంటుంది నాన్నా. అది టాంకులోనే పెట్టేశారు."

ఇద్దరూ కాసేపు వాదించుకుని, చివరికి నావైపు తిరిగారు. నేనప్పుడు కాఫీ డికాషను దించుతున్నాను. నాకు కారు నడపడం రాదు. కానీ పాలూ, టీ, చింతపండు పులుసూ, నెయ్యీ – ఈ ఇంట్లో నలభై ఏళ్ళకు పైగా వడగట్టే పని నాదే. ఆ అర్హత చాలదా? "రెండు రోజులాగండి, చెబుతాను" అన్నాను. ఆ రెండు రోజులూ నాలుగు పుస్తకాలు తిరగేస్తే, ఈ ఫిల్టరు కథ మన ఆడవాళ్ళకి తెలియాల్సిన కథేననిపించింది. ఎందుకంటే ఆ కథ మొదలైందే ఒక ఇల్లాలి చేతిలో.

జర్మనీ దేశంలో మాన్‌హైమ్ అనే ఊరుంది. అక్కడ కార్ల్ బెంజ్ అనే ఆయన 1886లో మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు తీసుకున్నాడు. బండైతే చేశాడు గానీ కొనేవాళ్ళు లేరు. గుర్రం లేని బండిని నమ్మేదెవరు? ఆయన భార్య పేరు బెర్తా. పెళ్ళికి ముందే తన కట్నం డబ్బు తెచ్చి ఆయన వ్యాపారంలో పెట్టిన మనిషి. ఆ డబ్బు అలా బూడిదలో పోసినట్టవుతుంటే చూస్తూ ఊరుకుంటుందా? 1888 ఆగస్టులో ఒకరోజు పొద్దున్నే, ఆయన నిద్రలేవకముందే, పిల్లలిద్దర్నీ లేపి బండి బయటికి తీసింది. పెద్దవాడికి పదిహేనేళ్ళు, రెండోవాడు వాడికన్నా చిన్న. పుట్టింటికి ప్రయాణం! పుట్టిల్లు ఫోర్జ్‌హైమ్‌లో ఉంది. దారిలో అటూ ఇటూ తిరగడంతో కలిపి నూరు కిలోమీటర్ల పైమాటే. అప్పటిదాకా మోటారు బండి మీద అంత దూరం పోయినవాళ్ళు ప్రపంచంలో ఎవరూ లేరు.

అప్పుడు పెట్రోలు బంకులెక్కడివి? ఆ బండి తాగేది లిగ్రాయిన్ అనే ద్రవం. బట్టల మీద మరకలు పోగొట్టుకోడానికి మందుల షాపులో సీసాల్లో అమ్మేవారు. బెర్తా దారిలో వీస్లోహ్ అనే ఊళ్ళో మందుల షాపు ముందు బండి ఆపి, ఉన్నది కొనేసింది. ప్రపంచంలో మొట్టమొదటి పెట్రోలు బంకు అదేనని ఇప్పటికీ అక్కడివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. దారిలో ఇంకో చోట ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోయింది. బండి కదలదు. వడపోత లేని బండికి ఎప్పటికైనా తప్పని తిప్పలే అవి. బెర్తా చేసిందేమిటో తెలుసా? టోపీ జారిపోకుండా పెట్టుకున్న పొడవాటి పిన్ను తీసి, ఆ గొట్టంలో పెట్టి పొడిచి, అడ్డు తీసేసింది. వేరేచోట విద్యుత్తు తీగ ఒరుసుకుపోతే మేజోడు జారకుండా కట్టుకునే పట్టీ విప్పి దానికి చుట్టింది. పొద్దుగూకేటప్పటికి పుట్టింటికి చేరి, 'క్షేమంగా చేరాం' అని మొగుడికి టెలిగ్రాం కొట్టింది.

మన అమ్మలు గాజులకి నాలుగు పిన్నీసులు వేలాడదీసుకుని తిరిగేవారు చూడండి, ఎప్పుడు ఏ అవసరమొస్తుందోనని. ఆ ముందుచూపు తూర్పు, పడమర ఎక్కడైనా ఒకటే. అయితే పిన్నుతో పొడవడం అడ్డు పడ్డాక చేసే పని. అడ్డు పడకుండా చూసుకోవడమనేది రెండో ఆలోచన. ఫిల్టరు చరిత్ర అంతా ఆ రెండో ఆలోచనదే.

మురికిని వేరుచెయ్యడానికి మన ఇళ్ళల్లో రెండే దారులు: తేర్చడం, వడగట్టడం. మా గోదావరి వాళ్ళకి చెప్పక్కర్లేదు. వరదల్లో ఎర్రనీళ్ళొస్తే గుండిగలో పోసి, ఇందుపగింజ అరగదీసి కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచేవారు. తెల్లారేటప్పటికి మడ్డి అడుగున, తేట పైన. ఆ తేటని మళ్ళీ గుడ్డలో వడగట్టడం. కారు పెట్రోలుకీ సరిగ్గా ఇదే మర్యాద జరిగింది.

తొలి రోజుల్లో పెట్రోలు డబ్బాల్లో వచ్చేది. డబ్బా తుప్పు, దారిలో పడ్డ దుమ్ము, వానకి చేరిన నీళ్ళు – అన్నీ అందులోనే. అందుకని తెలిసినవాళ్ళు టాంకులో పోసేటప్పుడు గరాటులో సన్నటి తీగజల్లెడో, మెత్తగా పదునుచేసిన తోలు ముక్కో పెట్టి పోసేవారు. ఆ తోలుది విచిత్రమైన గుణం. ముందు పెట్రోలుతో తడిపితే, ఆ తర్వాత పెట్రోల్ని పోనిచ్చి నీళ్ళని పైనే ఆపేస్తుంది. విమానాలు నడిపేవాళ్ళు కూడా చాలా ఏళ్ళు ఈ తోలునే నమ్ముకున్నారు. వాళ్ళకి దారిలో ఆగి పిన్నుతో పొడుచుకునే సౌకర్యం లేదు కదా మరి!

1908లో అమెరికాలో ఫోర్డు కంపెనీ 'మోడల్ టి' అనే కారు తెచ్చింది. సామాన్యుడికి మొదటిసారి కారు అందించింది అదే. దాని టాంకు ముందు సీటు కింద ఉండేది. పెట్రోలు పోయాలంటే కూర్చున్నవాళ్ళు లేవాలి. ఎంత ఉందో చూడాలంటే కర్ర ముంచి చూడాలి. పంపు లేదు, పైనున్న టాంకులోంచి కిందనున్న ఇంజనుకి దానంతటదే జారాల్సిందే. ఏటవాలు కొండ ఎక్కేటప్పుడు ఇంజనే పైకైపోతే పెట్రోలు అందదు కనక, బండిని వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవారట! ఆ టాంకు అడుగున చిన్న గిన్నెలాంటిది పెట్టారు. నీళ్ళూ మడ్డీ బరువుకి అందులోకి దిగుతాయి. అప్పుడప్పుడు కింద చిన్న కుళాయి తిప్పి వదిలేస్తే సరి. చూశారా, మన గుండిగ సిద్ధాంతమే.

తర్వాత 1920ల చివరినించి పెట్రోల్ని తోడే పంపులు ఇంజనుకే అమర్చడం మొదలైంది. చాలా బళ్ళలో ఆ పంపు దగ్గరే చిన్న గాజు కప్పు వచ్చింది. పైన జల్లెడ, కింద గాజు కప్పు. బానెట్టు ఎత్తితే చాలు, మడ్డి ఎంత చేరిందో కంటికి కనిపించేది. ఆ రోజుల్లో ఫిల్టరు ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నే లేదు. మురికి కనబడితే విప్పి, కడిగి, మళ్ళీ బిగించెయ్యడమే.

ఆ గాజు కప్పు నాకు తెలుసు. పుస్తకంలో చూసి కాదు, నిజంగా.

అది 1984. తొలి కాన్పుకి పుట్టింట్లో ఉన్నాను. రాజమండ్రి గోదావరికి ఇవతల మా ఊరు. శ్రావణమాసం, ముసురు. రాత్రి పదింటికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని చూసి, "బిడ్డ అడ్డంగా ఉన్నట్టుంది, నా వల్ల కాదు, రాజమండ్రి తీసుకుపొండి" అంది. నాన్న పరుగెత్తుకెళ్ళి ఊళ్ళో ఉన్న ఒక్క అద్దె కారూ మాట్లాడుకొచ్చారు. అమ్మ, నేను వెనకాల. అమ్మ ఒళ్ళో పుట్టబోయే బిడ్డ కోసం పాత మెత్తటి చీరలు చింపి, ఉతికి, మడతలు పెట్టిన మూట.

కొవ్వూరు దాటి, రోడ్డు కమ్ రైలు వంతెన ఎక్కబోయే ముందు కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. స్టార్టరు తిప్పితే గుర్రుమంటుంది గానీ అందుకోదు. వాన. ముందు చీకటి, దాని వెనక గోదారి హోరు. నాకా క్షణంలో దేవుళ్ళందరూ గుర్తొచ్చారు. డ్రైవరు మాత్రం ఒక్క మాటా మాట్లాడకుండా దిగి, బానెట్టు ఎత్తి, టార్చి వేసి చూశాడు.

"నీళ్ళండీ. డబ్బాలో తెచ్చిన పెట్రోలు పోశాను పొద్దున" అన్నాడు నాన్నతో. నాన్న గొడుగు పట్టుకున్నారు. గాజు కప్పులో సగానికి ఎర్రటి నీళ్ళు, వాటి మీద పల్చగా పెట్రోలు. డ్రైవరు తీగ వదులు చేసి కప్పు ఊడదీసి పారబోశాడు. తుడవడానికి గుడ్డ చూశాడు. అతని తువ్వాలు తడిసి ముద్దయి ఉంది. "పొడిగుడ్డ ఏదన్నా ఉందాండీ?" అన్నాడు. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, మూట విప్పి, పుట్టబోయే బిడ్డ గుడ్డల్లోంచి ఒకటి తీసిచ్చింది. కప్పు తుడిచి, జల్లెడ ఊది, మళ్ళీ బిగించి, పంపు మీట చేత్తో నాలుగుసార్లు నొక్కాడు. పది నిమిషాలు పట్టిందేమో. నాకు మాత్రం పది గంటలు. కారు అందుకుంది. తెల్లవారుజామున ఆపరేషను చేసి బిడ్డని తీశారు.

ఆ బిడ్డే ఇప్పుడు ఫిల్టరు మార్చక్కర్లేదంటున్న మా అబ్బాయి. నలక ఎంత చిన్నదో, దాని వెనక ఎంత ఉంటుందో నాకు తెలుసు కనకే ఈ సంగతి ఇంత పట్టించుకుంటున్నాను.

సరే, కథలోకి వద్దాం. అంత చక్కటి గాజు కప్పు ఎందుకు పోయింది? ఇంజన్లు సున్నితమవుతున్నకొద్దీ జల్లెడ చాల్లేదు. జల్లెడ ఇసుకని ఆపుతుంది గానీ పిండిని ఆపుతుందా? దానికి కాగితం కావాలి. కాగితంతో వడగట్టడమంటే ఇంకో జర్మను ఇల్లాలు గుర్తొస్తుంది. ఆమెకీ కార్లకీ ఏ సంబంధమూ లేదు, అయినా చెప్పకుండా ఉండలేను. డ్రెస్‌డెన్‌లో మెలిటా బెంట్జ్ అనే ఆవిడ కాఫీలో పిప్పి నోటికి తగులుతోందని విసుక్కుని, ఒక ఇత్తడి గిన్నెకి మేకుతో చిల్లులు పొడిచి, కొడుకు బడి పుస్తకంలోని అద్దుడు కాగితం అందులో పరిచి డికాషను దించింది. 1908లో దానికి పేటెంటు తీసుకుని, ఆ ఏడాది చివర్లోనే ఇంట్లోంచి వ్యాపారం మొదలుపెట్టింది. సరిగ్గా మోడల్ టి పుట్టిన సంవత్సరమే! ఒకచోట కారుకి మడ్డి గిన్నె, ఒకచోట కాఫీకి కాగితం.

కారులోకి కూడా తర్వాతి దశాబ్దాల్లో ఆ కాగితమే వచ్చింది. తడికి నానిపోకుండా జిగురు పట్టించిన గట్టి కాగితం. పైగా దాన్ని తిన్నగా పరిస్తే చోటు చాలదు కనక, మన చీర కుచ్చిళ్ళలాగా మడతలు మడతలుగా పోసి చిన్న డబ్బాలో కూర్చారు. ఆరు గజాల చీర బెత్తెడు కుచ్చిళ్ళలో ఇమిడినట్టు, మూరలకొద్దీ కాగితం గుప్పెడు డబ్బాలో ఇమిడింది. మనిషి వెంట్రుక మందంలో ఏడో వంతో, ఎనిమిదో వంతో ఉన్న నలుసుని కూడా అది పట్టేస్తుంది.

ఇక్కడే ఒక చిక్కొచ్చింది. డబ్బా మూసేశారు, లోపల ఎంత మురికి చేరిందో కంటికి కనబడదు. కాగితాన్ని ఉతకడానికీ వీల్లేదు. మరి ఎప్పుడు మార్చాలి? కన్ను చేసే పని లెక్కకి అప్పగించారు. ఇన్ని వేల కిలోమీటర్లకనో, ఇన్నేళ్ళకనో కారుతో వచ్చే పుస్తకంలో ఒక పట్టిక వేశారు. మావారు వాళ్ళ నాన్నగారి దగ్గర విన్న మాట అక్కడ పుట్టిందే. ఆ రోజులకి అది ముమ్మాటికీ న్యాయమైన మాట.

ఒక సంగతి మాత్రం మనం బాగా గుర్తుపెట్టుకోవాలి. టీ వడగట్టే జల్లెడలో పిప్పి పేరుకున్నాక ఏమవుతుంది? నలకలు కిందికి దిగవు, ఇంకా బాగానే ఆగుతాయి. తగ్గేది ధార. కారు ఫిల్టరూ అంతే. నిండిపోయిన ఫిల్టరు మురికిని వదలదు. పెట్రోల్నే సరిగా పోనివ్వదు. బండి సమంగా పోతున్నంతసేపూ తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడో, లారీని దాటబోయేటప్పుడో ఎక్కువ పెట్రోలు కావాలంటుంది ఇంజను. అప్పుడు అందక గుంజుతుంది, దగ్గుతుంది. పాపం దాన్ని చెడిపోయిందంటాం. అది చెడలేదు, తన పని చేసీ చేసీ నిండిపోయిందంతే. ఇంట్లో కొంతమంది ఆడవాళ్ళ పరిస్థితి ఇలాగే ఉంటుంది, ఆ మాట ఇక్కడ ఎందుకులెండి.

డీజిలు బళ్ళ దారి వేరు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో తన ఇంజను నడిపి చూపించాడు. అందులో నిప్పురవ్వ ఉండదు. గాలిని బాగా నొక్కి వేడెక్కించి, అందులోకి నూనెని చిమ్మాలి. 1927నించి బాష్ కంపెనీ ఆ చిమ్మే పంపులు విరివిగా తయారుచేసింది. వాటి లోపలి భాగాలు ఒకదానిలో ఒకటి ఎంత బిగువుగా ఇముడుతాయంటే, మధ్యనున్న సందు మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలవాలి. ఆ భాగాలకి కందెన కూడా డీజిలే. అందులో చుక్క నీరు చేరినా, పిసరు ఇసుక చేరినా అరిగిపోతాయి. అందుకని డీజిలు బండికి ఫిల్టరు మొదటినించీ ప్రాణంతో సమానం. నీళ్ళు వేరుచేసే గిన్నె కూడా దానికి ఉంటుంది. ఇప్పటి చాలా బళ్ళలో నీళ్ళు నిండితే డ్రైవరు ఎదుట దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని చూసీ చూడనట్టు పోయినవాళ్ళకి వచ్చే బిల్లు, ఫిల్టరు బిల్లుకి ఎన్నో రెట్లు!

ఇక మా అబ్బాయి మాట. పెట్రోలు కార్లలో మన దేశంలో 2000 ప్రాంతానికి కార్బురేటరు పోయి, పెట్రోల్ని ఒత్తిడితో చిమ్మే పద్ధతి వచ్చింది. పొగ తగ్గించాలన్న నియమాలు దానికి కారణం. సీసం కలిపిన పెట్రోలు కూడా ఆ 2000లోనే దేశమంతటా ఆగిపోయింది. ఈ కొత్త పద్ధతిలో పంపు టాంకులోనే మునిగి ఉంటుంది. మొదట్లో ఆ పంపు ఇంజనుకి కావలసినదానికన్నా ఎంతో ఎక్కువ పెట్రోలు తోడి పంపేది. మిగిలింది ఇంకో గొట్టంలో వెనక్కి టాంకుకే వచ్చేది. అంటే ఒకే పెట్రోలు మళ్ళీ మళ్ళీ ఫిల్టరులోంచి తిరిగేదన్నమాట. ఆ తర్వాత వెనక్కి వచ్చే గొట్టం తీసేశారు. ఎంత కావాలో అంతే పంపిస్తారు. వడపోతకి పని తగ్గింది. పైగా ఇనుప టాంకుల బదులు తుప్పు పట్టని ప్లాస్టిక్ టాంకులొచ్చాయి. దాంతో చాలా కంపెనీలు పెద్ద ఫిల్టరొకటి టాంకులోనే పంపుతో కలిపి పెట్టేసి, పట్టికలోంచి ఆ వరస తీసేశాయి. మా అబ్బాయి చెప్పిన 'బండి ఉన్నన్నాళ్ళూ' అన్న మాట వెనకున్న అర్థం ఇది. అది మాయ కాదు, మడ్డి తగ్గించుకోవడం.

టాంకులో పెట్రోలు అడుగంటితే మడ్డంతా ఒక్కసారిగా పైకొస్తుందని అంటూంటారు. పూర్తిగా నిజం కాదు. గొట్టం ఎప్పుడూ అడుగునించే పీలుస్తుంది, టాంకు నిండుగా ఉన్నా సరే. అయినా అడుగంటనివ్వకపోవడమే మంచిది. మునిగి ఉన్న ఆ పంపుని చల్లబరిచేది పెట్రోలే.

అయితే ఇదంతా బంకులో పోసిన పెట్రోలు మంచిదైతేనే. ఫిల్టరు నలకని ఆపుతుంది, మోసాన్ని ఆపలేదు. పెట్రోల్లో కిరసనాయిలు కలిపితే ఏ కాగితమూ దాన్ని పట్టుకోలేదు. రెండూ కలిసి హాయిగా దిగిపోతాయి. పేదవాళ్ళ కోసం రేషనులో చవగ్గా ఇచ్చిన కిరసనాయిలు దారి తప్పకుండా ఉండాలని దానికి నీలం రంగు కలిపారు. అయినా అది బంకుల దాకా పోతూనే వచ్చింది. ఆ దారికి అడ్డు నిలబడ్డ ఒక కుర్రవాడి సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. పేరు ఎస్. మంజునాథ్. లక్నోలోని ఐఐఎంలో చదువుకుని ఇండియన్ ఆయిల్‌లో అమ్మకాల అధికారిగా చేరాడు. ఉత్తరప్రదేశ్ లఖింపూర్ ఖేరీ జిల్లాలో కల్తీ చేస్తున్న బంకుని మూయించాడు. 2005 నవంబరులో అతణ్ణి కాల్చి చంపారు. ఇరవై ఏడేళ్ళవాడు. అతనికీ ఒక తల్లి ఉంది కదా! కాగితం ఆపలేనిది మనిషి ఆపాలి. ఆ మనిషి ఒంటరివాడైతే ఇలా జరుగుతుంది.

అందుకే మన చేతిలో ఉన్నది మనం చెయ్యాలి. బంకులో అడిగితే ఫిల్టరు కాగితం ఇవ్వాలి. అది మన హక్కు, మొహమాటపడనక్కర్లేదు. గొట్టం మూతి శుభ్రంగా తుడిపించి, కాగితం మీద ఒక్క చుక్క వేయించాలి. మంచి పెట్రోలైతే రెండు నిమిషాల్లో ఆవిరైపోయి కాగితం మామూలుగా అయిపోతుంది. మరక మిగిలిందా, అనుమానించాల్సిందే. ఒకావిడ కాఫీ వడగట్టుకున్న అద్దుడు కాగితానికి అన్న వరస ఇది!

ఇంకొక మార్పు కూడా ఇటీవల వచ్చింది. చెరుకునించీ ధాన్యంనించీ తీసిన ఇథనాలు పెట్రోల్లో కలుపుతున్నారు. 2022లో పది శాతానికి, 2025లో ఇరవై శాతానికి చేరింది. ఇథనాలుకి రెండు గుణాలు: నీళ్ళని తనలోకి లాక్కుంటుంది, పాత బండి టాంకులో ఏళ్ళ తరబడి అంటుకున్న జిడ్డుని వదలగొడుతుంది. వదిలిన జిడ్డు ఎక్కడికి పోతుంది? వడపోత దగ్గరికే. కనక పాత కాలపు బండి ఉన్నవాళ్ళు ఈ రోజుల్లో ఫిల్టరు మీద ఒక కన్నేసి ఉంచడం మంచిది.

రెండు రోజులు గడిచాయి. మూడోరోజు పొద్దున కారు అరలోంచి, అట్ట కూడా నలగని ఆ పుస్తకం తీయించాను. కొన్న పన్నెండేళ్ళలో దాన్ని తెరిచిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. పట్టిక అంతా వేలు పెట్టి చదివాను. మాది పెట్రోలు బండి. ఆయిలు ఫిల్టరుంది, గాలి ఫిల్టరుంది. ఫ్యూయల్ ఫిల్టరు వరస లేదు. వర్కుషాపుకి ఫోను చేశాను.

"ఏం నాయనా, మా బండికి ఏదన్నా జబ్బు కనిపించిందా? గుంజుతోందా, దగ్గుతోందా?"

"లేదమ్మా, బాగానే ఉంది."

"మరి ఎందుకు మార్చమన్నారు?"

"ఇన్నేళ్ళయింది కదమ్మా, అందరికీ రాస్తాం."

"పుస్తకంలో రాయలేదే మరి?"

కాసేపు నిశ్శబ్దం. "అయితే వద్దులెండమ్మా" అన్నాడు. మంచి కుర్రాడే.

మా అబ్బాయి గెలిచానని కాలరెగరేయబోయాడు. వాణ్ణి ఆపి, వెంటనే తెనాల్లో ఉన్న మా తోడికోడలికి ఫోను చేశాను. వాళ్ళది డీజిలు బండి. "ఫిల్టరు ఎప్పుడు మార్చారు? నీళ్ళు వదిలించారా?" అనడిగితే, "అదేమిటక్కా, మా ఆయనకి టైర్లకి గాలి కొట్టించడమే గుర్తుండదు" అంది. పుస్తకం చూసి, అందులో రాసిన ప్రకారం వెంటనే మార్పించమని గట్టిగా చెప్పాను. మావారి మొహం వెలిగింది. అంటే ఇద్దరూ గెలిచారు. ఒకే ప్రశ్నకి ఒక బండికి అవునని, ఇంకో బండికి కాదని జవాబు. ఏ బండికి ఏదో ఆ బండితో వచ్చిన పుస్తకం చెబుతుంది. పుస్తకంలో లేకపోయినా బండి గుంజితే మాత్రం చూపించాల్సిందే.

ఆ రాత్రి కొవ్వూరు కథ మా అబ్బాయికి మళ్ళీ చెప్పాను. వందసార్లు విన్నదే. ఈసారి మాత్రం ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటడిగాడు.

"ఇంతకీ నా గుడ్డ ఏమైందమ్మా?"

నాకు బాగా గుర్తుంది. ఆస్పత్రి దగ్గర దింపాక అమ్మ దాన్ని అడగలేదు, అతనూ ఇవ్వలేదు. పిండి, నాలుగు మడతలు పెట్టి, డాష్‌బోర్డు అరలో దాచుకున్నాడు. "ఉంచుకుంటానమ్మా, మళ్ళీ అవసరమవుద్ది" అన్నాడు.